ముందు మీరు, వదినగారూ

పెళ్ళయిన ఏడాదికి అల్లుడు కాలు విరగ్గొట్టుకున్నాడు. ఏ మంచుకొండ మీదో అయితే నలుగురికీ చెప్పుకోవడానికైనా బాగుండేది. వంటింట్లో విరగ్గొట్టుకున్నాడు. సెలవు దొరికితే చాలు కొండల్లో వాలిపోయి, తాళ్ళు పట్టుకుని వేలాడి, మంచులో పడుకుని, ఒంటిమీద గీతైనా పడకుండా తిరిగొచ్చే మనిషి, బల్బు మార్చడానికి స్టూలెక్కి జారిపడ్డాడు.

కూతురు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పేసరికి అద్దాలమ్మ దుకాణంలో ఉంది. బస్టాండుకు వెళ్ళే వీధిలో ఆవిడదీ, ఆవిడ భర్తదీ కళ్ళజోళ్ళ దుకాణం. ముందుగదిలో గోడ పొడవునా ఫ్రేములు, వెనకగదిలో అద్దాలు అరగదీసే మిషను. మిషను దగ్గర ఆయన, వచ్చేపోయేవాళ్ళ దగ్గర ఆవిడ. అందుకే వీధంతా ఆవిడను అద్దాలమ్మ అంటారు. ఆ వేళ ఒక పెద్దాయనకు కొత్త జోడు ముక్కు మీద నిలవకుండా జారిపోతుంటే, దాని కాడలు వేడిచేసి చెవులకు సరిపడా వంచుతోంది.

“అయ్యో! ఇప్పుడెలా ఉందే?”

“పిండికట్టు వేశారు. నొప్పి తగ్గింది, పరువే పోయింది. ఆఫీసు వాళ్ళందరూ వచ్చి ఈయన్ని పలకరించడం మానేసి స్టూలు చూసి పోతున్నారు.”

“అయితే మన కొండ ప్రయాణం లేనట్టేగా?” అంది అద్దాలమ్మ. గొంతులో జాలి ఎంతుందో ఊరట అంతకు రెండింతలుంది.

“మాకు లేనట్టే. నువ్వూ అత్తయ్యా వెళ్ళండి. గైడుతో అన్నీ మాట్లాడేశాంగా.”

అద్దాలమ్మ చేతిలోని కాడ వంగవలసిన దానికన్నా కాస్త ఎక్కువే వంగింది.

ఈ కొండ గొడవ ఎలా మొదలైందో చెప్పాలి. కూతురూ అల్లుడూ ఒకరినొకరు చూసుకున్నదే కొండ మీద. ఏదో శిఖరానికి వెళ్ళిన గుంపులో ఇద్దరూ ఉన్నారట. దిగివచ్చేసరికి పెళ్ళి చేసుకోవాలనే నిర్ణయానికి కూడా వచ్చేశారు. ఇద్దరి తల్లులకూ కొండ మీద అప్పటినుంచీ కోపమే. పెళ్ళిరోజున అందరూ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, “ఏముందిరా అక్కడ, రాళ్ళూ మంచూ తప్ప?” అని అల్లుడి తల్లి అడిగింది. “అదే నేనూ అడుగుతున్నాను” అంది అద్దాలమ్మ. “అయితే వచ్చి చూడండి, నలుగురం వెళ్దాం” అన్నాడు అల్లుడు. వియ్యపురాలి ఎదుట వెనకడుగు వేయడం ఇద్దరికీ నామోషీ అయింది. “ఎందుకు రాం?” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. అలా ఇరుక్కుపోయారు.

అల్లుడి తల్లి పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి ఆ మధ్యే రిటైరైంది. అందరూ నర్సమ్మ అంటారు. భర్త పోయాక కొడుకును ఒక్కతే పెంచుకొచ్చింది. మంచి మనిషి, గట్టి మనిషి, కానీ నోటికి తాళం లేదు. ఆవిడ డ్యూటీలో ఉంటే వార్డులో రేడియో అక్కర్లేదనేవాళ్ళట. అద్దాలమ్మ ఉలుకూ పలుకూ తక్కువ మనిషి. ఇద్దరి మధ్యా ఏ పొరపొచ్చమూ లేదు, అలాగని చనువూ లేదు. ఉన్నదంతా మర్యాదే. “వదినగారూ” అంటే “వదినగారూ”. “మీరు కూర్చోండి” అంటే “ముందు మీరు కూర్చోండి”. ఒకసారి ఇద్దరూ అలా ఒకరినొకరు కూర్చోమంటూ ఉంటే టీ చల్లారిపోయింది.

ఇప్పుడు పిల్లలు రావడం లేదు కనుక అవతలివాళ్ళే ముందుగా మానేద్దామంటారని ఇద్దరూ ఎదురుచూశారు. చివరికి నర్సమ్మే ఫోన్ చేసింది.

“వదినగారూ, మీరు వస్తున్నారుగా?”

“మీరు వస్తున్నారా వదినగారూ?”

“మీరు వస్తానంటే నేను రానంటానా!”

“మీరు వస్తుంటే నేనెలా మానేస్తాను!”

ఫోన్ పెట్టేశాక అద్దాలమ్మ తల పట్టుకుని కూర్చుంది. వెనకగదిలోంచి అంతా విన్న భర్త మిషను ఆపి ఇవతలికి వచ్చాడు. “దీపం కొండెక్కింది అంటే ఏంటో తెలుసుగా? ఆరిపోయిందని. కొండెక్కడం మీద మన పెద్దవాళ్ళకున్న అభిప్రాయం అదీ. నువ్వేమో కోరి మరీ ఎక్కుతానంటున్నావు” అన్నాడు.

“ఆవిడ మానేస్తే నేనూ మానేస్తాను.”

“ఆవిడా ఈపాటికి అదే అంటూ ఉంటుంది.”

ఎవరూ మానలేదు. అద్దాలమ్మ పొద్దున్నే లేచి మేడమెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది. కూతురి బూట్లు సరిగ్గా సరిపోయాయి. ఆవిడకే ఆశ్చర్యమనిపించిందేమిటంటే, నాలుగు రోజులు పోయేసరికి మెట్లు ఆయాసం పుట్టించడం మానేశాయి.

*

రైలూ, బస్సూ, జీపూ అన్నీ అయ్యాక కొండ కింద చివరి ఊళ్ళో దిగారు. రాతిగోడల గెస్ట్‌హౌసు. గదిలో రెండు మంచాలు, ఒక కిటికీ. కిటికీ నిండా కొండే. ఇద్దరూ కిటికీ వైపు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, గభాలున బ్యాగులు సర్దుకోవడంలో పడ్డారు.

గైడు సాయంత్రం వచ్చాడు. ఎండకూ మంచుకూ మొహం నల్లబడి, మాట మెత్తగా ఉండే మనిషి. అల్లుడికి పాత స్నేహితుడు. వంటకు ఒక మనిషి వస్తాడని, సామాను మోయడానికి ఒక కంచరగాడిద ఉంటుందని, పై కనుమ దాకా వెళ్ళి దిగి వచ్చేద్దామని చెప్పాడు. రెండు శిఖరాల నడుమ అవతలి లోయలోకి తెరుచుకునే సందు అది. అక్కడ నిలబడితే అటూ ఇటూ రెండు వైపుల లోకమూ కనిపిస్తుందట.

“ఒక్కటే మాటమ్మా” అన్నాడు గైడు. “పైకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడుతుంది. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం, ఆకలి లేకపోవడం, ఏదొచ్చినా నాకు చెప్పాలి. ఇక్కడ మొహమాటాలు పనికిరావు. దాచారంటే చాలా ప్రమాదం.”

“నాకు తెలియదా బాబూ, బతుకంతా ఆసుపత్రిలోనేగా” అంది నర్సమ్మ. “మా వదినగారి సంగతి నేను చూసుకుంటాను.” అంటూనే సంచిలోంచి వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు తీసి అద్దాలమ్మ వేలికి పెట్టింది. అంకె చూసి, “భేష్” అని, దాన్ని మళ్ళీ సంచిలో వేసేసుకుంది.

మర్నాడు నడక మొదలైంది. దేవదారు చెట్ల మధ్య సన్నటి బాట. ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే.

“ముందు మీరు, వదినగారూ.”

“అబ్బే, పెద్దవారు. ముందు మీరు.”

“పెద్దాచిన్నా ఏముంది, మీరు నడవండి.”

వెనకనుంచి కంచరగాడిద వచ్చి ఇద్దరి మధ్యా మూతి పెట్టి తోసుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. గైడు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. “ముందు అది, వెనక మీరు. సరేనామ్మా?”

దారిపొడవునా నర్సమ్మ మాట్లాడుతూనే ఉంది. నీళ్ళు ఎప్పుడు తాగాలో, ఊపిరి ఎలా తీయాలో, మోకాలు ఎలా మడవాలో చెప్పింది. తన వార్డులో పుట్టిన పిల్లల సంగతి, వాళ్ళలో ఒకడు తనకే ఇంజక్షన్ చేసిన డాక్టరవడం, రాత్రి డ్యూటీల్లో కునికిపాట్లు పడకుండా చేసే ఉపాయాలు, అన్నీ చెప్పింది. అద్దాలమ్మ “ఊఁ” కొడుతూ నడిచింది. అయితే చెవులు అక్కడే ఉన్నా కళ్ళు మాత్రం వేరే ఎక్కడో ఉన్నాయి.

ఎన్నో ఏళ్ళుగా ఆవిడ చూపంతా చేయి చాచినంత దూరంలోనే గడిచిపోయింది. ఎదుటివాళ్ళ ముక్కు, చెవి, రెండు కనుపాపల మధ్య దూరం. సాయంత్రం షట్టరు దించి వీధిలోకి చూస్తే ఎదురుగా చెప్పుల దుకాణం. ఇక్కడ చూపుకు అడ్డమేదీ లేదు. ఒక గుట్ట దాటితే ఇంకో గుట్ట, దాని వెనక నీలంగా ఇంకోటి, అన్నిటికీ పైన తెల్లగా, ఆకాశానికి ఆనుకుని. ‘దూరపు కొండలు నునుపు’ అన్నవాడు ఇక్కడికి రాలేదు కాబోలు అనుకుంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఇంకా బాగున్నాయి. రాళ్ళ మీద పసుపుపచ్చటి నాచు, బండల కింద గలగలలాడే నీళ్ళు, చెట్లు పొట్టివై, పొదలై, చివరికి గడ్డే మిగలడం, అన్నీ చూస్తోంది. ఒంట్లో ఎక్కడా బరువు లేదు. ఇంత వయసొచ్చాక ఒళ్ళు ఇలా మాట వినడం ఆవిడకు కొత్త. ఈ సంతోషం ఎవరికైనా చెప్పాలనిపించింది. కానీ వియ్యపురాలితో ఎలా చెప్పడం? గొప్పలు పోతోందనుకుంటుందేమో!

గుడారంలో ఇద్దరూ పక్కపక్కనే పడుకునేవాళ్ళు. ఏటవాలు వైపు ఎవరు పడుకోవాలన్నదాని మీద కూడా కాసేపు మర్యాదలు నడిచేవి. ఇద్దరికీ గురక ఉంది. పొద్దున్నే ఇద్దరూ “హాయిగా నిద్రపట్టింది, చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు” అనుకునేవాళ్ళు.

చెట్లన్నీ వెనకబడిపోయి రాళ్ళూ గడ్డీ మాత్రమే ఉన్న చోట గుడారాలు వేసిన రోజున నర్సమ్మ మాటలు తగ్గాయి. మొదట అద్దాలమ్మకు హాయిగానే ఉంది. చెవులకు సెలవు దొరికిందనుకుంది. మధ్యాహ్నం దాటేసరికి ఆ నిశ్శబ్దం బాగోలేదనిపించింది. పంపు ఆగకుండా కారే ఇంట్లో ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతే ఏమైందోనని లేచి వెళ్ళి చూస్తామే, అలా.

“వదినగారూ, ఒంట్లో బాగానే ఉందా?”

“నాకేమండీ! ఏదీ, మీ వేలు ఇటివ్వండి.” మీటరు అద్దాలమ్మ వేలికే పెట్టింది. “మీరు భేష్. నీళ్ళు తాగండి.”

“మీరూ చూసుకోండి మరి.”

“పొద్దున్నే చూసుకున్నానులెండి.”

సాయంత్రం వంటమనిషి వేడివేడి సూపూ రొట్టే ఇచ్చాడు. నర్సమ్మ గిన్నె పట్టుకుని, “గాలికి కాసేపు అలా కూర్చుంటాను” అంటూ వెళ్ళింది. దుప్పటి తెద్దామని బయలుదేరిన అద్దాలమ్మ, బండ వెనక నిలబడి ఆవిడ తన రొట్టెను ముక్కలు ముక్కలుగా కంచరగాడిదకు తినిపించడం చూసింది. అడగడానికి నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. అల్లుడి తల్లిని పట్టుకుని “ఎందుకు తినలేదు, అబద్ధం ఎందుకు ఆడారు” అని నిలదీయడమా? మంచీ మర్యాదా ఉండవా? గైడుకు చెబితే ఆవిడకు తెలియకుండా చాడీ చెప్పినట్టు కాదూ? ఇలా అనుకుంటూ ఊరుకుంది.

*

తెల్లవారాక కనుమ వైపు నడక మొదలుపెట్టారు. ఎండ కాస్తోంది కానీ గాలి చెంపలు వాయిస్తోంది. కాలి కింద వదులు రాళ్ళు. రెండు శిఖరాల నడుమ సందు ఎదురుగా కనిపిస్తూనే ఉంది, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నట్టుగా. గైడు ముందు, అద్దాలమ్మ వెనక, నర్సమ్మ ఆ వెనక, చివరన వంటమనిషి.

వెనక రాళ్ళు దొర్లిన చప్పుడైంది. అద్దాలమ్మ తిరిగి చూస్తే నర్సమ్మ దారి వదిలేసి పక్కకు నడుస్తోంది. కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. వంటమనిషి చేయి పట్టుకుంటే నవ్వుతూ విదిలించుకుని ఒక బండ మీద చతికిలపడింది.

“వదినగారూ!” అద్దాలమ్మ పరుగున దిగింది.

నర్సమ్మ తలెత్తి ఆవిడను చూసింది. ఆ చూపులో చుట్టరికం లేదు. “అలా నిలబడి చూస్తావేంటమ్మాయ్? ఆ కిటికీ పక్క బెడ్డుకు సెలైన్ అయిపోయింది, కనబడటం లేదూ?” అంది. “డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చే టైమైంది. దుప్పట్లు సర్దు.”

ఆ క్షణంలో వియ్యపురాలూ మర్యాదా అన్నీ గాలికి పోయాయి. అద్దాలమ్మ ఆవిడ సంచి లాక్కుని మీటరు తీసింది.

“చెయ్యి ఇలా ఇవ్వు.”

“సిస్టర్‌తో మాట్లాడే పద్ధతి అదేనా?”

“ఇవ్వమన్నానా! నోరు మూసుకుని వేలు చాపు!”

నర్సమ్మ చిన్నపిల్లలా వేలు చాపింది. గైడు వచ్చి అంకె చూశాడు. ఆవిడను లేపి, గీత గీసి దాని మీద నడవమన్నాడు. రెండడుగులు వేసి తూలిపోయింది. గైడు మరో మాట లేకుండా తన సంచిలోంచి మాత్ర తీసి మింగించాడు, చిన్న సిలిండరు గొట్టం ముక్కుకు పెట్టాడు. “ఇప్పుడే దిగాలి. చెట్లు మొదలయ్యేదాకా దిగాలి. దిగితే బాగైపోతారు.”

ఆక్సిజన్ అందాక నర్సమ్మ మొహంలోకి మనిషి తిరిగి వచ్చింది. ఎదురుగా ఉన్నదెవరో గుర్తుపట్టింది, కళ్ళు దించుకుంది. “మీరు వెళ్ళిరండి వదినగారూ. కనుమ ఇంకెంతో దూరం లేదు. వంటబ్బాయి నన్ను దింపుతాడు. నావల్ల మీరు ఆగిపోవడం బాగుండదు.”

గైడు మధ్యేమార్గంగా, “అవతల వాతావరణం బాగుంది. మీరు వెళ్ళాలనుకుంటే వంటతను మిమ్మల్ని కనుమ దాకా తీసుకెళ్ళి తెస్తాడమ్మా, దారి తెలిసినవాడే. ఈవిడను నేను దింపుతాను” అన్నాడు.

అద్దాలమ్మ ఒక్కసారి పైకి చూసింది. వెళ్ళాలని లేదంటే అబద్ధమవుతుంది. ఆ సందులోంచి అవతలి ఆకాశం ముక్క కనిపిస్తోంది, ఇవతలి దానికన్నా నీలంగా.

“నేను ఈవిడతోనే దిగుతాను” అంది.

“వదినగారూ, నా మాట…”

“నీ మాట నిన్నటిదాకా విన్నాను, చాలు! రొట్టె గాడిదకు పెట్టి, నీళ్ళు నన్ను తాగమని, మీటరు నా వేలికి పెట్టి… ఏమనుకున్నావు నువ్వు? నీకేమన్నా అయితే రేపు నా కూతురికి, అల్లుడికి నా మొహం ఎలా చూపించను? వాళ్ళ సంగతి సరే, నాకు మాత్రం నువ్వు కావద్దూ?”

అలా అరిచేసి, తనే ఏడ్చేసి, కళ్ళు తుడుచుకుని, నర్సమ్మ చేయి తన భుజం మీద వేసుకుంది.

దిగడం మొదలైంది. ఒక పక్క గైడు, ఒక పక్క అద్దాలమ్మ. “ఆవిడకు మగత రానివ్వకండి, మాట్లాడిస్తూ ఉండండి” అన్నాడు గైడు. మాట్లాడించడమంటే అద్దాలమ్మ మాట్లాడాలి కదా! బతుకులో ఎన్నడూ చేయని పని. అయినా మొదలుపెట్టింది. దుకాణం పెట్టిన కొత్తలో బోర్డు మీద తప్పు రాయించుకున్న సంగతి చెప్పింది. నుదుటి మీద జోడు పెట్టుకుని దుకాణమంతా వెతికించిన ప్రొఫెసరుగారి సంగతి చెప్పింది. జోడు ఇంట్లో మరిచిపోయి బస్సెక్కిన ఒకాయన కథ చెప్పింది.

“పక్క సీట్లో కూర్చున్నావిడ తన భార్యే అనుకున్నాడట. దారిపొడవునా ‘మీ తమ్ముడికి మనింట్లో ఇంకెన్నాళ్ళే మకాం’ అని దెబ్బలాడాడట. ఆవిడ అంతా విని, దిగేటప్పుడు, ‘మీరు చెప్పింది న్యాయంగానే ఉందండీ, ఇంటికి వెళ్ళగానే మా తమ్ముణ్ణి పంపించేస్తాను’ అందట.”

గొట్టం ముక్కుకు ఉండగానే నర్సమ్మ పొట్ట కదిలేలా నవ్వింది. గైడు అద్దాలమ్మ వైపు చూసి తలాడించాడు. నవ్వు అర్థమైందంటే బుర్ర దారిలో పడుతున్నట్టే.

*

చెట్లు మొదలయ్యే చోటికి చేరి గుడారం వేసేసరికి నర్సమ్మ ఆకలి అంది. సూపు తాగింది, రొట్టె తింది, ఇంకో రొట్టె అడిగింది. కంచరగాడిద ఆశగా దగ్గరికి వస్తే, “పో, ఇవాళ నీకు లేదు” అని అదిలించింది.

మర్నాడు గెస్ట్‌హౌసున్న ఊరు చేరి చిన్న ఆసుపత్రిలో చూపించారు. అక్కడి కుర్ర డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింటూ ఉండిపోయాడు. అద్దాలమ్మకు కంగారు పుట్టింది. “ఏమైంది డాక్టర్‌గారూ?”

“ఏమీ కాలేదండీ. ఈవిడ ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉంటే ఊపిరి వింటాను.”

అద్దాలమ్మకు ప్రాణం లేచివచ్చింది.

నాలుగు రోజులు ఆ ఊళ్ళోనే ఉండి, మందులు వాడి, మళ్ళీ ఒకసారి చూపించుకుని బయలుదేరమన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం ఇద్దరూ గెస్ట్‌హౌసు మెట్ల మీద ఎండలో కూర్చున్నారు. నర్సమ్మ తనంతట తానే మొదలుపెట్టింది.

“నొప్పి దాచొద్దని పేషెంట్లను ఎంత తిట్టానో లెక్కలేదు. నా దగ్గరికి వచ్చేసరికి చూడండి.”

“ఎందుకు దాచారు మరి?”

నర్సమ్మ చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కాసేపు ఆగింది. ఆవిడ ఆగి మాట్లాడటం అద్దాలమ్మ అంతవరకూ చూడలేదు.

“వాడు ఇంట్లో నోరు విప్పడండీ. చిన్నప్పటినుంచీ అంతే. కొండ పేరెత్తితే మాత్రం మొహం వెలిగిపోతుంది. నేను ఎక్కువ వాగుతానుగా, నా నోటికి దూరంగా పారిపోవడానికే పోతున్నాడేమో అనుకునేదాన్ని. పైదాకా వెళ్ళి చూడాలనుకున్నాను. అంత దూరం పోయి వాడు వెతుక్కునేది ఏంటో, అది నా దగ్గర ఎందుకు లేదో.”

అద్దాలమ్మకు నవ్వొచ్చింది. పగలబడి నవ్వింది. నర్సమ్మ నొచ్చుకుంది.

“నవ్వులాటగా ఉందా మీకు?”

“కాదూ మరి! వాగేవాళ్ళ నుంచి పారిపోయేవాడైతే ఏరికోరి నా కూతుర్ని చేసుకుంటాడా? నా కూతురు నిద్రలో కూడా మాట్లాడుతుంది. ఒక్కనాడైనా దాని నోరు మూతపడగా చూశావా? మీవాడికి పక్కన గలగలమని ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటేనే తోస్తుంది. అది నీ దగ్గర అలవాటైందే!”

ఆ ఆలోచన నర్సమ్మకు ఎన్నడూ తట్టినట్టు లేదు. మెల్లగా నవ్వింది, ఆ నవ్వులోనే కళ్ళు నిండాయి. కాసేపటికి తేరుకుని, “మీరు నన్ను ‘నువ్వు’ అన్నారు. నిన్న కొండ మీద కూడా అన్నారు. ‘నోరు మూసుకో’ అని కూడా అన్నారు” అంది.

“అయ్యో, తప్పయిపోయింది వదినగారూ, ఆ కంగారులో…”

“మళ్ళీ ‘గారూ’ అన్నావంటే ఆ వాగులో చన్నీళ్ళు తెచ్చి నెత్తిన పోస్తాను.”

అప్పుడే పిల్లల ఫోన్ వచ్చింది. ఊళ్ళోకి రాగానే క్షేమంగా ఉన్నామని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు మరి, వాళ్ళకు ఆత్రంగా ఉంది. నర్సమ్మ స్పీకరు నొక్కింది.

“కనుమ దాకా వెళ్ళారా?” అల్లుడి గొంతు.

“లేదు బాబూ” అంది అద్దాలమ్మ గబగబా. “నాకు ఒంట్లో బాగోలేక దిగిపోయాం. తల తిరిగింది.”

“ఏం బాగోలేదు, దుక్కలా ఉంది! తల తిరిగింది నాకు” అంది నర్సమ్మ.

“నువ్వూరుకో వదినా. ఏదో నా మూలంగానే.”

“నువ్వూరుకో. నాకోసం కొడుకు దగ్గర అబద్ధాలాడతావా? వినరా, నేను దాచిపెట్టి మీ అత్తగారి ప్రాణం తోడేశాను. మోసినంత పని చేసి దించింది. కనుమ కళ్ళెదుట ఉంటే వదిలేసుకుని వచ్చింది, పిచ్చిది.”

“పిచ్చి నీకా నాకా? గాడిదకు రొట్టెలు పెట్టిందెవరు?”

అవతల చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమోనని ఇద్దరూ దానివైపు వంగి చూశారు. చివరికి కూతురు నెమ్మదిగా అంది: “అమ్మా, మీరిద్దరూ బాగానే ఉన్నారా? ఏంటి, ఒకరినొకరు నువ్వూ నువ్వూ అనుకుంటున్నారు? దెబ్బలాడుకున్నారా?”

“బాగా దెబ్బలాడుకున్నాం” అంది నర్సమ్మ తృప్తిగా.

ఆ నాలుగు రోజులూ ఇద్దరూ ఆ ఊరి సందులన్నీ తిరిగారు. వాగు ఒడ్డున బట్టలు ఉతికి బండల మీద ఆరేశారు. గురక ఎవరిది పెద్దదో మొహం మీదే చెప్పుకున్నారు. వెళ్ళేముందు నర్సమ్మ గైడును పిలిచి, తనలాంటిది మళ్ళీ కొండ ఎక్కవచ్చా అని అడిగింది. డాక్టరు ఒప్పుకుంటే, మరో దారిలో, మధ్యమధ్య ఆగుతూ, ఎక్కువ రోజులు తీసుకుని చిన్న కనుమకు వెళ్ళవచ్చన్నాడు గైడు. “కానీ ఈసారి మీటరు నాకివ్వాలి” అన్నాడు.

“నీకెందుకు, మా వదిన దగ్గరే ఉంటుంది” అంది నర్సమ్మ.

మరుసటి వేసవిలో వెళ్ళారు. అల్లుడి కాలు బాగైంది కానీ పిల్లలను రమ్మనలేదు. “మీరొస్తే వేగం పెంచుతారు, మాకు కుదరదు” అని చెప్పేశారు. దుకాణం వెనకగదిలోంచి ఆయన, “నా ముక్కూ చెవులూ ఎలాగున్నా పట్టించుకునే దిక్కు లేదు” అని సణిగి, అద్దాలమ్మకు మంచులో పెట్టుకునే నల్లద్దాలు స్వయంగా అరగదీసి ఇచ్చాడు. నర్సమ్మకు కూడా ఒక జోడు చేశాడు.

మెల్లగా ఎక్కారు. ప్రతి గుడారం దగ్గరా అదనంగా ఒక రోజు ఆగారు. కాస్త తల బరువెక్కినా నర్సమ్మ గొంతెత్తి చెప్పేది, గైడుకే కాదు, కొండంతటికీ వినిపించేలా. చిన్న కనుమే అయినా అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. అవతల లోయ, దానికవతల ఇంకో వరస కొండలు, వాటి మీద మేఘాల నీడలు మెల్లగా జరుగుతూ. అద్దాలమ్మ నల్లద్దాలు తీసి మరీ చూసింది. నర్సమ్మ ఆవిడ మోచేయి పట్టుకుని, అవతలి కొండలకేసి చూపిస్తూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అక్కడ గాలి ఎంత జోరుగా ఉందంటే ఒక్క ముక్కా వినిపించలేదు. ఆవిడ ఆపలేదు. అద్దాలమ్మ అన్నిటికీ తలూపుతూ, ఆవిడ పక్కనే ఆనుకుని నిలబడింది.